నవాత్ అంటే గింజ

కువైట్, ఖుసూర్ పేట, రాత్రి పది దాటింది.
వంటింటి బల్లకు ఆ కొసన దలాల్, పరీక్ష పుస్తకం.
ఈ కొసన నేను, ఖర్జూరాలు చీల్చి గింజలు తీస్తా.

ఖువ్వ, అని చదివింది. నాకు గువ్వ అని వినపడింది.
తొంగి చూస్తే బొమ్మలో గువ్వ లేదు,
ఒక పెట్టె, దాన్ని నెడుతున్న బాణం గుర్తు.
ఓ, బలమా, అన్నాను తెలుగులో, నాకు నేనే.

చిట్వేలి హైస్కూల్లో గుర్రప్ప సారు
సుద్దముక్క ఎగరేసి పట్టుకుంటా చెప్పేవాడు:
వడి వేరు, వేగం వేరు పిల్లా,
యా దిక్కుకో చెప్పకుంటే అది ఉత్త వడే.
పదిలో సైన్సుకు నాకు అరవై ఏడు.
పదకొండేళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.

జడత్వానికి వాళ్ళ మాటలో కూడా ఖుసూరే ఉంది.
మా పేట పేరే, మేడలు అని కదా, అని నవ్వింది దలాల్.
మా మాటలో జడ ఉంది, అని
దాని వీపు మీది పాయను ఎత్తి చూపించాను.
ఇద్దరం చెప్పిందీ తప్పే.
ఇద్దరికీ గుర్తుండిపోయింది.

లే, అవ్వ కుర్చీ తొయ్యి, అన్నాను.
మొదట మొరాయిస్తుంది చూడు చక్రం.
కదిలినాక దానంతటదే పోతుంది.
ఇప్పుడు ఆపు. ఆగనంటుందా? అదీ జడత్వమే.
పాలరాతి మీద ఒక మాదిరి, తివాచీ అంచు ఎక్కేటప్పుడు ఇంకో మాదిరి.
ఇహ్తికాక్, అంది.
ఘర్షణ, అన్నాను.
నా తల తిరుగుతోంది, వదలండి, అంది అవ్వ.

తరువాతి పేజీలో ఒక మనిషి
బరువెత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.
ఎన్ని గంటలు నిలబడినా
అతను చేసిన పని సున్నా అని కింద రాసుంది.
దలాల్ తలెత్తి నన్ను చూసింది.
పోయిన శుక్రవారం మాల్‌లో వీళ్ళు చెప్పులు ఎంచుకునే రెండు గంటలూ
ఏడు సంచులతో స్తంభం పక్కన నిల్చున్నాను.
షుగుల్, అంటారు ఇక్కడ, పుస్తకంలో పనినీ, నా పనినీ.
సూత్రం తప్పు కాదులే, అన్నాను.
సూత్రానికి మోచేతులు ఉండవు, అంతే.

ఆఖరి పాఠం పరమాణువు. వాళ్ళకది ధర్ర.
గుర్తులు పెట్టకుండా రాస్తే మొక్కజొన్నా అదే, పరమాణువూ అదేనంట.
దాని నట్టనడుమ ఉన్నదాని పేరు కూడబలుక్కుని చదివింది:
నవాత్.

నా చేతులు ఆగిపోయినాయి.
ఆ మాట నాకు తెలుసు.
పళ్ళెం నిండా ఉంది ఆ మాట.

మేం కేంద్రకం అన్నాం,
పరీక్షలో రాసి మరిచిపోయే మాట.
సారు బోర్డు మీద చుక్కగా పెట్టి వెళ్ళిపోయినది
ఇంతకాలానికి నా వేళ్ళ మధ్య
జిగటగా, తియ్యగా.

కానీ ఇంత కండ ఉండదు దాని చుట్టూ, అన్నాను.
ఈ గింజ ఇక్కడుంటే
ఎలక్ట్రాను జమియా అంగడి దాటి, మసీదు దాటి,
ఎక్కడో రింగ్ రోడ్డు మీద తిరుగుతా ఉంటుంది.
మధ్యంతా ఖాళీ.

అంత ఖాళీ అయితే, అని బల్లను పిడికిలితో కొట్టింది దలాల్,
మరి ఇది ఎందుకు గట్టిగా ఉంది?

నాకు తెలీదు.
అది పదిలో లేదు, అన్నాను.

తెల్లారి బడి బండి వచ్చేసరికి
దాని పెన్సిళ్ళ డబ్బాలో ఒక గింజ గలగలమంది.
మిగతావి కడిగి బల్ల మీద పోశాను.
ఒకటి తప్పించుకుని దొర్లింది,
అంచు దాకా పోయి, నిదానించి, ఆగింది.
ఏది ఆపిందో నాకు తెలుసు,
రెండు పేర్లతో.